వ్యూహం మార్పుకు ఖర్చు కట్టాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధక్రీడల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నియమాలు సొంతంగా రాసుకోండని పాఠకులను ప్రోత్సహించడం మంచి పని. అయితే అందులో బాక్సు కట్టి ఇచ్చిన పట్టిక గురించి కొంత చెప్పాలి. దళం లైన్‌లో (అడ్డంగా బారు తీరి) ఉంటే కాల్పులకు +1, కాలమ్‌లో (ఒకరి వెనక ఒకరుగా) ఉంటే నడకకు +2, స్క్వేర్‌లో (అన్ని దిక్కులకూ ముఖం పెట్టి) ఉంటే గుర్రపు దళం మీద రక్షణకు +2 అని మూడు వరుసల్లో తేల్చేశారు. ఆ పట్టికతో ఆట తయారుచేస్తే మూడో టర్నుకల్లా అది చెడిపోతుంది. ఎందుకు చెడిపోతుందో, ఎలా రాస్తే నిలబడుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మాట సంగతి. వ్యాసంలో ‘వ్యూహం’ అన్న పదాన్ని ఒకచోట ఎత్తుగడ అనే అర్థంలో, మరోచోట దళం నిలబడే తీరు అనే అర్థంలో వాడారు. వార్తల్లో మొదటి అర్థమే స్థిరపడిపోయింది గానీ పద్మవ్యూహం, మకరవ్యూహం, క్రౌంచవ్యూహం అన్నప్పుడు మనం చెప్పేది రెండోదే. ఎవరి పక్కన ఎవరు, ఎవరి వెనక ఎవరు, ఎటు ముఖం పెట్టి నిలబడ్డారన్నదే అసలు వ్యూహం. అర్థశాస్త్రం పదో అధికరణంలో కౌటిల్యుడు నాలుగు మూల వ్యూహాలు చెబుతాడు. అడ్డంగా బారు తీరితే దండం, ఒకరి వెనక ఒకరు సాగితే భోగం, అన్ని దిక్కులకూ ముఖం పెడితే మండలం, విడివిడిగా ఉంటే అసంహతం. ఈనాటి ఆటల్లో లైన్, కాలమ్, స్క్వేర్, స్కర్మిష్ అనే నాలుగూ దాదాపు ఇవే. వాటి పేర్లు చెప్పడానికి ముందే ఆయన ఎడం ఎంత ఉండాలో చెప్పాడు. పదాతికి ఒక శమం, అంటే పద్నాలుగు వేళ్ల వెడల్పు. గుర్రానికి మూడు శమాలు. కొలతతో మొదలుపెట్టాడన్నది గమనించాలి. నియమాలు రాసేవాళ్లూ అక్కడే మొదలుపెట్టాలి.

మీ పట్టికలో లోపం ఎక్కడుందంటే, వ్యూహం మారడానికి ఏమీ ఖర్చు కాదు. ఖర్చు లేకపోతే బల్ల మీద ఏం జరుగుతుందో చూడండి. నీలం దళం కాలమ్‌లో +2తో నడిచి వచ్చి, ఆగగానే లైన్‌గా విచ్చుకుని +1తో కాలుస్తుంది. ఎర్ర గుర్రపు దళం దాడికి వస్తున్నానని చెప్పగానే స్క్వేర్ అయిపోతుంది. మళ్లీ తన వంతు రాగానే కాలమ్. ఆటగాడు ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. ఎప్పుడు ఏది లాభమో అది పట్టికలో చూసి తీసుకున్నాడు, అంతే. ఇక అన్ని దళాలకూ అన్ని బోనస్‌లూ ఎప్పుడూ ఉన్నట్టే కాబట్టి పట్టిక ఉన్నా లేకపోయినా ఒకటే. వ్యూహానికి విలువ వచ్చేది, తప్పు వ్యూహంలో దొరికిపోయే ప్రమాదం ఉన్నప్పుడే.

ఇప్పుడు వెడల్పు లెక్క. నెపోలియన్ కాలాన్నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే నాలుగు వ్యూహాలూ ఒకే యుద్ధంలో కనబడేది అక్కడే. 1808 ఫిబ్రవరి ఉత్తర్వు తర్వాత ఫ్రెంచి పదాతి బెటాలియన్‌కు కాగితం మీద 6 కంపెనీలు, కంపెనీకి 140 మంది, మొత్తం 840. మూడు వరుసల లోతున నిలబడితే ముందు వరుసలో 280 మంది. మనిషికి సుమారు 55 సెంటీమీటర్లు అనుకుంటే బెటాలియన్ లైన్ 154 మీటర్లు. బల్ల మీద ఒక మిల్లీమీటరు ఒక మీటరు అనుకుంటే 25 మి.మీ. వెడల్పు బేసులు, అంటే బొమ్మలు అంటించే పలకలు, ఆరు పక్కపక్కన పెడితే 150. సరిగ్గా కుదిరింది. ఒక్కో బేస్ ఒక్కో కంపెనీ. దాని మీద ఎన్ని బొమ్మలు అంటించాలన్నది కంటికి ఇంపు కోసమే, నియమానికి దానితో పనిలేదు. చాలామంది ‘ఒక బొమ్మ ఇరవై మందితో సమానం’ అనే లెక్కతో మొదలుపెట్టి చిక్కుల్లో పడతారు. బొమ్మల సంఖ్యను కాక దళం వెడల్పును స్థిరపరచుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

లోతు దగ్గర మాత్రం బేస్ అబద్ధం చెబుతుంది. బేస్ లోతు 20 మి.మీ. అయితే అది 20 మీటర్లు. మూడు వరుసల లైన్ నిజంగా ఆక్రమించేది నాలుగైదు మీటర్లే. కాలమ్ దగ్గర ఈ అబద్ధం సర్దుకుంటుంది. రెండేసి కంపెనీలు ముందుండే కాలమ్‌లో మూడు శ్రేణులు, శ్రేణికీ శ్రేణికీ 25 మీటర్ల ఎడం ఉంటే మొత్తం లోతు 50 మీటర్ల పైమాట. బల్ల మీద మూడు బేసులు ఒకదాని వెనక ఒకటి ఆనించి పెడితే 60. కనుక అన్ని దూరాలూ ముందు అంచు నుంచే కొలవాలని రాసుకోండి. వెనక అంచు నుంచి కొలవనిస్తే, వెనకడుగు వేసే దళానికి ఉచితంగా 20 మీటర్లు ఇచ్చినట్టవుతుంది.

ఇంకో లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. మామూలు బల్ల 1800 మి.మీ. పొడవు, 1200 వెడల్పు. 28 మి.మీ. బొమ్మలు ఒక్కొక్కటి 25 మి.మీ. బేస్ మీద, పదేసి మంది రెండు వరుసలుగా నిలబెడితే దళం 250 మి.మీ. అవుతుంది. అలాంటివి ఆరు పక్కపక్కన నిలబెడితే 1500. బల్ల దాదాపు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయింది. పార్శ్వం అనేదే లేదు, చుట్టి రావడానికి చోటు లేదు, కాలమ్‌గా మారాల్సిన అవసరమే రాదు. ఆ తర్వాత ఎంత చక్కని నియమాలు రాసినా దళాలు ఎదురెదురుగా నడిచి పాచికలు వేసుకోవడమే మిగులుతుంది. సైన్యమంతా లైన్‌లో నిలబడితే బల్ల పొడవులో సగం నుంచి మూడింట రెండు వంతుల లోపు ఉండాలన్నది నా అభిప్రాయం. అంతకు మించితే దళాల సంఖ్య తగ్గించాలి, లేదా చిన్న బొమ్మలకు మారాలి.

కాలమ్‌కు నడకలో +2 ఇవ్వడం నాకు సమ్మతం కాదు. లైన్‌లో ఉన్నా కాలమ్‌లో ఉన్నా మనిషి వేసే అడుగు అదే. లైన్ నెమ్మదించేది వరుస చెదిరినప్పుడల్లా ఆగి సర్దుకోవాల్సి రావడం వల్ల. అందుకని చదునైన నేల మీద అన్ని పదాతి వ్యూహాలకూ ఒకే దూరం, అంటే టర్నుకు 150 మి.మీ., ఇచ్చి కంచె, వాగు, దున్నిన చేను దాటినప్పుడు మాత్రం లైన్‌కు మూడో వంతు కోయండి. కాలమ్ అసలు లాభం మలుపు దగ్గర తెలుస్తుంది, దాన్ని బోనస్‌గా రాయక్కర్లేదు, స్కేలే ఇస్తుంది. దళం తిరిగేటప్పుడు ఒక మూల కదలకుండా ఉండి అవతలి మూల వలయంలో నడుస్తుంది, ఆటగాళ్లు దీన్నే వీలింగ్ అంటారు. 150 మి.మీ. లైన్ 30 డిగ్రీలు తిరగాలంటే అవతలి మూల 79 మి.మీ. నడవాలి. 45 డిగ్రీలకు 118. 90 డిగ్రీలకు 236, అంటే ఒక టర్నులో అయ్యే పని కాదు. అదే 50 మి.మీ. కాలమ్ పూర్తిగా 90 డిగ్రీలు తిరగడానికి సరిగ్గా 79. లైన్ 30 డిగ్రీలకు పెట్టే ఖర్చుతో కాలమ్ లంబకోణం తిరిగేస్తుంది. రోడ్డు మలుపులో, రెండు తోపుల మధ్య సందులో కాలమ్ ఎందుకు కావాలో బల్లే చెబుతుంది.

వలయాన్ని కొలవడం కష్టమని చాలామంది మొదటి చోటు నుంచి చివరి చోటుకు తిన్నగా స్కేలు పెడతారు. 30 డిగ్రీలకు తేడా ఒక్క మిల్లీమీటరే, పట్టించుకోనక్కర్లేదు. 45కి మూడు. 90కి మాత్రం 236 బదులు 212 వస్తుంది, 24 మి.మీ. ఉచితం. పెద్ద మలుపును రెండు ముక్కలుగా కొలవమంటే సరిపోతుంది.

దీనికంటే పెద్ద తప్పు, మధ్యలో మేకు కొట్టినట్టు దళాన్ని ఉచితంగా గిర్రున తిప్పనివ్వడం. 150 మి.మీ. లైన్‌ను మధ్య బిందువు మీద 90 డిగ్రీలు తిప్పితే ఒక మూల 75 మి.మీ. ముందుకు పొడుచుకొస్తుంది. తర్వాత 150 నడిస్తే మొత్తం 225. రెండు టర్నుల్లో చేరాల్సిన గుట్టను ఒక టర్నులో దాదాపు చేరిపోవచ్చు. దీన్ని ఆపడానికి ఒకే వాక్యం చాలు: ‘దళంలోని ఏ బేస్‌లోని ఏ మూలా ఆ టర్నులో నడక దూరానికి మించి కదలకూడదు.’ ఈ వాక్యాన్ని నియమాల మొదటి పేజీలోనే పెట్టమంటాను. పక్కకు జరగడం, వెనక్కి నడవడం సగం వేగంతో అని రాస్తే చాలు, అంతకు మించి వివరించే అవసరం లేదు.

ఇక మార్పిడి ఖర్చు. దీన్ని ఊహించి రాయనక్కర్లేదు, లెక్క కట్టవచ్చు. ఆనాటి బ్రిటిష్ డ్రిల్లులో మామూలు నడక నిమిషానికి 75 అడుగులు, ఒక్కో అంగ 30 అంగుళాలు. అంటే నిమిషానికి సుమారు 57 మీటర్లు. టర్నుకు 150 మి.మీ. అన్నాం కాబట్టి మన టర్ను దాదాపు మూడు నిమిషాల నడక. ఇప్పుడు కాలమ్ లైన్‌గా విచ్చుకోవాలంటే, అందరికంటే వెనక శ్రేణిలోని కంపెనీ 50 మీటర్లు పక్కకు, 50 మీటర్లు ముందుకు రావాలి. ఏటవాలుగా వస్తే 71 మీటర్లు, నిమిషం పైచిలుకు. ఆజ్ఞ అందడానికి, చివర వరుస సర్దుకోవడానికి మరికొంత కలిపితే నిమిషంన్నర. టర్నులో సగం. కాబట్టి కాలమ్ నుంచి లైన్‌కు, లైన్ నుంచి కాలమ్‌కు సగం నడక ఖర్చు. మిగిలిన సగంతో నడవవచ్చు, లేదా కాల్చవచ్చు, రెండూ కాదు. వేరే కాలానికి, వేరే స్కేలుకు ఆట రాసేవాళ్లు ఈ అంకెలను కాక ఈ లెక్క కట్టే పద్ధతిని తీసుకోవాలి.

ఖర్చు రాసేసి ఊరుకుంటే కుదరదు, మారేటప్పుడు ఏ బేస్ కదలకుండా ఉండాలో కూడా రాయాలి. ఇది వదిలేసిన నియమావళులు చాలా ఉన్నాయి, ప్రతి దానిలోనూ ఒకే దొంగదారి పుడుతుంది. ఆరు బేసుల లైన్‌ను కుడి చివర రెండు బేసుల వెనక కాలమ్‌గా ముడిచాడు. మరుసటి టర్నులో అదే కాలమ్‌ను ఎడమ చివర చేసుకుని మళ్లీ కుడివైపుకు లైన్‌గా విప్పాడు. లైన్ మొత్తం 100 మి.మీ. కుడికి జరిగిపోయింది, నడకలో సగం సగం ఇంకా చేతిలోనే ఉంది. శత్రువు ముందు పీతలా పక్కకు నడిచే సైన్యం తయారవుతుంది. మందు ఏమిటంటే, లైన్ మధ్యలోని రెండు బేసులే కాలమ్ ముందు శ్రేణి కావాలి, తిరిగి విచ్చుకునేటప్పుడు అవే మధ్యలో ఉండాలి. మార్పు మొదలుపెట్టే ముందు ఆ రెండు బేసుల పక్కన ఒక పాచిక పెట్టి గుర్తు ఉంచాలి. మిగతా ఏ బేసూ వాటి ముందు అంచు గీత దాటి ముందుకు రాకూడదు. రెండు పక్కలా 50 మి.మీ. చొప్పున ఖాళీ లేకపోతే లైన్ కాలేదు, అంతే. ‘సర్దుకుని పెట్టుకోవచ్చు’ అని రాస్తే మాత్రం ప్రతి ఆటలో అరగంట వాదనకే పోతుంది.

స్క్వేర్ విషయం కొంచెం లోతుగా చూడాలి. ఆరు బేసులతో ముందు రెండు, వెనక రెండు, పక్కల ఒక్కొక్కటి పెట్టి అన్నిటి ముఖాలూ బయటికి తిప్పితే స్క్వేర్ అయిపోతుంది. గుర్రపు దళం దాడి ప్రకటించినప్పుడు పదాతి ఆటగాడికి రెండు దారులు ఇవ్వండి: ఉన్న వ్యూహంలోనే నిలబడి ఒక్కసారి కాల్చడం, లేదా స్క్వేర్ కట్టే ప్రయత్నం. ప్రయత్నానికి రెండు పాచికలు కలిపి వేయాలి. కాలమ్ నుంచి అయితే 6 లేదా అంతకంటే ఎక్కువ, అంటే 72 శాతం అవకాశం. లైన్ నుంచి అయితే 8, అంటే 42 శాతం. దాడి మొదలైన చోటు గుర్రాల నడకలో సగం దూరం లోపే ఉంటే కావలసిన అంకెకు 2 కలపాలి. అప్పుడు కాలమ్‌కు 42 శాతం, లైన్‌కు 17 శాతమే. విఫలమైతే దళం నాశనమైనట్టు కాదు, చెదిరినట్టు. చెదిరిన దళం ఆ దాడిలో కాల్చలేదు, ముఖాముఖి పోరులో సగం పాచికలే వేస్తుంది.

ఇప్పుడు ఆటగాడి పరిస్థితి గమనించండి. గుర్రాలు 280 మి.మీ. దూరంలో ఉన్నప్పుడే లైన్‌ను కాలమ్‌గా ముడిచి కాల్పుల బలం వదులుకోవాలా అన్న ప్రశ్న అతనికి ఒక టర్ను ముందే ఎదురవుతుంది. దగ్గరికి రానిచ్చాక 17 శాతం కోసం ప్రయత్నించడం కంటే నిలబడి కాల్చడమే మేలు కావచ్చు. +2 బోనస్ ఈ ఆలోచనను ఎప్పటికీ పుట్టించలేదు. ఒక్క పాచిక బదులు రెండు ఎందుకంటే, ఒక్క పాచికతో ప్రతి మెట్టూ 17 శాతమే. రెండు పాచికలతో మధ్య అంకెల దగ్గర మార్పు పెద్దది, చివరల దగ్గర చిన్నది. శిక్షణ బాగా ఉన్న దళానికి 1 తగ్గించడం, కొత్త దళానికి 1 పెంచడం అప్పుడు అర్థవంతంగా ఉంటాయి.

స్క్వేర్‌ను అభేద్యం చేయవద్దు. 1815 జూన్ 18న వాటర్లూలో ఫ్రెంచి మార్షల్ నే గుర్రపు దళాలు ఎన్నిసార్లు మీద పడ్డా మిత్రపక్షాల స్క్వేర్లు నిలిచాయన్నది నిజం. 1812 జూలై 23న స్పెయిన్‌లోని గార్సియా హెర్నాండెజ్ దగ్గర బ్రిటిష్ సైన్యంలోని కింగ్స్ జర్మన్ లీజియన్ డ్రాగూన్లు (గుర్రపు సైనికులు) ఫ్రెంచి స్క్వేర్లను బద్దలుకొట్టారన్నదీ అంతే నిజం. అరుదుగానైనా జరిగేదానికి పాచికల్లో చోటుండాలి.

స్క్వేర్‌లోకి వెళ్లే నియమం రాసి, బయటికి వచ్చే నియమం మరిచిపోయేవాళ్లు ఎక్కువ. అభిమన్యుడి కథ వింటూ పెరిగిన మనకు ఈ లోటు ఇట్టే కనబడాలి. బయటికి రావడానికి పూర్తి టర్ను, అదీ కాలమ్‌లోకి మాత్రమే. స్క్వేర్‌గా ఉన్నంతసేపు నడక 30 మి.మీ., కాల్పులు ఒక్కో ముఖానికి ఉన్న బేసులకే. ఇంత ఖర్చు పెట్టినా ఒక ముప్పు లేకపోతే ఆటగాళ్లు స్క్వేర్‌లోనే కూర్చుంటారు. ఆ ముప్పు ఫిరంగి. మీ ఆటలో ఫిరంగులు లేకపోతే స్క్వేర్‌ను కూడా తీసేయండి. గుర్రం పదాతిని స్క్వేర్‌లోకి నెడుతుంది, స్క్వేర్‌ను ఫిరంగి కొడుతుంది, ఫిరంగికి అడ్డుపడడానికి లైన్ ముందుకు రావాలి, లైన్‌ను మళ్లీ గుర్రం బెదిరిస్తుంది. ఈ చక్రంలో ఒక ఆకు విరిగినా బండి నడవదు.

ఫిరంగి నష్టానికి కూడా వ్యూహాల పట్టిక అవసరం లేదు. ఫిరంగి నుంచి లక్ష్యం మీదుగా స్కేలు పెట్టండి. స్కేలు కింద ఎన్ని బేసులు పడితే అన్ని పాచికలు. లైన్‌ను ఎదురుగా కొడితే ఒకటి. కాలమ్‌కు మూడు. స్క్వేర్ నడిమి నుంచి పోతే రెండు, పక్క గోడ వెంబడి పోతే మూడు. అదే లైన్‌ను చివర నుంచి పొడవునా కొడితే ఆరూ వరసగా కింద పడతాయి. పార్శ్వం నుంచి కొట్టే ఫిరంగి ఎందుకంత భయంకరమో చెప్పే ప్రత్యేక నియమం వేరే రాయాల్సిన పని లేదు, ఇనుప గుండు నిజంగా చేసే పనే స్కేలు చేస్తోంది. వ్యూహానికి సంబంధించిన నియమాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఒక్క జాగ్రత్త: స్కేలు వెడల్పు ఎంతో ముందే చెప్పాలి. 30 మి.మీ. స్కేలు పెడితే లైన్‌లో రెండు బేసులు తగులుతాయి. సన్నని పుల్లో, దారమో వాడమని రాయండి.

ప్రాచీన కాలపు ఆటలకు కూడా ఇదే దృష్టి పనికొస్తుంది. మాసిడోనియా బల్లెకార్ల దళం సింటగ్మా 16 మంది వెడల్పు, 16 మంది లోతు, 256 మంది. గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ లెక్క ప్రకారం ఒక్కొక్కరికి మూడు అడుగుల చోటు, ముందు వరుస వ్యక్తికి ముందుగా ఐదు బల్లెపు మొనలు పొడుచుకుని ఉంటాయి. రోమన్ సైనికుడికి ఆరడుగులు కావాలి కాబట్టి అతనికి ఎదురుగా ఇద్దరు, పది మొనలు. దీన్ని చూసి చాలామంది ఎదురు పోరులో +5 ఇచ్చేసి ఊరుకుంటారు. కానీ క్రీ.పూ. 197లో సైనోసెఫలే దగ్గర, క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర ఆ దళం ఓడింది మొనలు తక్కువై కాదు. పిడ్నాలో ఎగుడుదిగుడు నేల మీద వరుసలో సందులు పడ్డాయి, సైనోసెఫలేలో రోమన్లు వెనక నుంచి మీద పడ్డారు. ఏ బేస్ అయినా గరుకు నేలను తాకితే, లేదా పక్క దళానికీ దీనికీ మధ్య ఒక బేస్ వెడల్పు సందు పడితే బలమంతా పోతుందని రాయండి. అప్పుడు +5 ఇచ్చినా ఫర్వాలేదు.

పార్శ్వం అంటే ఏమిటో స్పష్టంగా రాయకపోవడం ఇంకో గొడవ. ముందు మూలల నుంచి 45 డిగ్రీల ఏటవాలు గీతలు గీసి, వాటి మధ్యది ముందు, వాటి బయటిది పార్శ్వం అనుకోవడం మంచిది. ముందు అంచునే అటూ ఇటూ పొడిగించి దాని వెనకదంతా పార్శ్వం అంటే, ఒక్క మిల్లీమీటరు తేడాతో ఆట తారుమారవుతుంది. తాకిన చోటును బట్టి నిర్ణయించకండి. దాడి మొదలైనప్పుడు దాడి చేసే దళంలో సగానికి మించి బేసులు ఎక్కడున్నాయో అదే లెక్క. లేకపోతే ఎదురుగా ఉన్న గుర్రపు దళం పరుగులో చివరి అంగుళం దగ్గర మలుపు తిరిగి పక్కన తగులుతుంది. మూలకు మూల తగిలినప్పుడు దాడి చేసినవాడే తన దళాన్ని తిప్పి శత్రువు అంచుకు ఆనించాలి, దాడికి గురైనవాడు కదలకూడదు.

స్కర్మిష్ దళాలకు కావలసింది ఎడం నియమం. ‘ప్రతి బొమ్మా పక్క బొమ్మకు 50 మి.మీ. లోపు ఉండాలి’ అన్నది అందరూ రాసే మొదటి నియమం. 25 మి.మీ. బేసులు పది తీసుకుని గొలుసులా పరిస్తే 10 బేసులకు 250, 9 ఎడాలకు 450, మొత్తం 700 మి.మీ. పదిమంది మనుషులు 1800 మి.మీ. బల్లలో మూడో వంతు పైన అడ్డుగోడ కట్టేశారు. దీన్ని ఆపడానికి ‘ప్రతి బొమ్మకూ ఇద్దరు పొరుగువాళ్లు ఉండాలి’ అని కొందరు మారుస్తారు. గొలుసు మధ్యలోని వాళ్లకు ఇద్దరు ఎప్పుడూ ఉన్నారు. రెండు చివర్లలో జంటగా నిలబెడితే చాలు, పొడవు 550కి తగ్గుతుందే తప్ప గోడ పోదు. నాయకుడి బొమ్మ నుంచి 150 మి.మీ. లోపు అందరూ ఉండాలన్నది సూటి మార్గం. అప్పుడు ఎంత సాగదీసినా 375 దాటదు, ఒక్క చూపులో తనిఖీ చేయవచ్చు, మధ్యలో ఒకరిని తీసేసినా గొలుసు తెగే ప్రశ్న రాదు. నాయకుడు పడిపోతే దగ్గరి బొమ్మ నాయకుడవుతుంది, దూరమైనవాళ్లు తమ తర్వాతి నడకలో మొదట దగ్గరికి చేరాలి, చేరేదాకా కాల్చకూడదు.

పరీక్షించడానికి రంగులు వేసిన బొమ్మలు అక్కర్లేదు. అట్ట మీద 25 × 20 మి.మీ. ముక్కలు కత్తిరించి, ముందు అంచుకు పెన్సిల్‌తో గీత పెడితే చాలు. మొదట ఒక్క దళాన్నే తీసుకుని, బల్ల మూల నుంచి మూలకు ఒకసారి లైన్‌గా, ఒకసారి కాలమ్‌గా నడిపి ఎన్ని టర్నులు పట్టిందో రాసుకోండి. రెండూ సమానంగా వస్తే మలుపు నియమం పనిచేయడం లేదు. తర్వాత గుర్రపు దళాన్ని 300, 200, 100 మి.మీ. దూరాల నుంచి లైన్ మీదికి పంపి, ఒక్కో దూరానికి ఇరవైసార్లు పాచికలు వేయండి. చివరగా పూర్తి ఆట ఆడి, ఎనిమిది టర్నుల్లో ఒక్కో దళం ఎన్నిసార్లు వ్యూహం మార్చిందో గీతలు పెట్టి లెక్కించండి. రెండు మూడుసార్లు మారితే ఖర్చు సరిగ్గా ఉంది. ప్రతి టర్నూ మారుతుంటే చవక అయింది. ఒక్కసారీ మారకపోతే సగం నడక ఖర్చును మూడో వంతుకు తగ్గించి మళ్లీ ఆడండి. ఒకేసారి రెండు అంకెలు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఆ పట్టిక చూసి ఇప్పటికే అట్టముక్కలు కత్తిరించుకున్న పాఠకులు ఉంటారు. వచ్చే అనుబంధంలో దాన్ని మళ్లీ వేసే వీలుంటే బోనస్‌ల గడి తీసేసి మూడు గడులు పెట్టమని కోరుతున్నాను: ఈ వ్యూహంలోకి రావడానికి ఎంత నడక ఖర్చు, బయటపడడానికి ఎంత, మారేటప్పుడు కదలని బేసులు ఏవి. చోటు మిగిలితే ‘ఏ మూలా నడక దూరానికి మించి కదలకూడదు’ అన్న వాక్యాన్ని దాని కింద వేయండి.

ఇట్లు,
యుద్ధక్రీడల నియమాలు రాసే ఒక పాఠకుడు